రదోయ్కా దద్దుర్లు, స్తామెనా కిటికీలు

తెల్లవారుతూనే వ్లాసినా నది పక్క రోడ్డు మీద ఒక రొట్టెల వ్యాను కొండెక్కుతూ కనిపిస్తుంది. దాన్ని నడిపేది రదోయ్కా. బేకరీలో అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెలు నింపుకుని, కొండ ఊళ్ళన్నీ తిరిగి, కొట్ల ముందు డబ్బాలు దించి, ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరితో నాలుగు మాటలు విసురుకుని, మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఎవరింట్లో జబ్బు చేసినా, ఎవరి గొర్రె ఈనినా ఆ కబురు ముందు ఆ వ్యానెక్కే వస్తుంది.

అలాంటి మనిషి ఆ శరత్కాలంలో అటూ ఇటూ రెండద్దాలూ పూర్తిగా దించేసి వ్యాను నడపడం మొదలుపెట్టింది. లోయంతా గుప్పుమంది.

మా వైపు మనుషులకు తోడేలంటే భయం లేదు, పోలీసంటే అసలే లేదు. ప్రోమాయా అంటే మాత్రం చచ్చేంత భయం. ఎదురెదురుగా రెండు కిటికీలో, ఒక కిటికీ ఒక తలుపో తెరిచి ఉంటే వాటి మధ్య దూసుకుపోయే గాలి పేరు అది. నడుం పట్టేసినా ప్రోమాయా, పన్ను సలిపినా ప్రోమాయా, మూతి వంకరపోయినా ప్రోమాయాయే. ఆగస్టు ఎండలో బస్సు నిండా జనం చెమటలు కక్కుతూ కూర్చుంటారు గానీ రెండో కిటికీ మీద చెయ్యి వేసినవాణ్ణి బతకనివ్వరు. అందుకే రదోయ్కా వ్యాను కనిపిస్తే చాలు, రోడ్డు పక్క ముసలివాళ్ళంతా చేతులూపుతూ గోల చేసేవారు.

"అమ్మాయ్, అద్దాలెత్తు! చెవులు పోతాయే!"

"పోనీ తాతా! చెవుల్లేకపోతే నీ సోది వినే పని తప్పుతుంది!" అని అరిచి వెళ్ళిపోయేది.

నవ్వుతూనే అరిచేది గానీ, ఆ వ్యానులో కూర్చున్న కాసేపే ఆమె ఒంటికి సుఖం. చల్లగాలి తగులుతుంటే దురద అణిగేది. మిగతా పొద్దంతా నరకమే.

అది వసంతంలో మొదలైంది. ఒకరోజు డబ్బాలు దించుతుంటే మోచేతి మడతలో దోమ కుట్టినట్టు ఎర్రగా లేచింది. సాయంత్రానికి కడుపు మీద, వీపు మీద, తొడల మీద దద్దుర్లు. కొన్ని అరచేతంత ఉన్నాయి. ఒకచోట అణిగితే ఇంకోచోట లేస్తాయి. గోకితే మంట, గోకకపోతే పిచ్చి. ఆరోగ్య కేంద్రంలో ఆ పూటకి ఉన్న కుర్ర డాక్టరు ఒక ఇంజెక్షను పొడిచాడు. అంతే, పొద్దు గుంకకముందే ఒళ్ళు నున్నగా అయిపోయింది. మా వైపు ఇంజెక్షను ఇచ్చినవాడే డాక్టరు, మంచి మాటలు చెప్పి పంపేవాణ్ణి ఎవరూ లెక్కచెయ్యరు. ఆ కుర్రవాడికి రదోయ్కా వేడివేడి రొట్టెలు మోసుకెళ్ళి ఇచ్చింది. అతను ఆ మందునే మాత్రలుగా రాసిచ్చాడు. స్టిరాయిడ్ మాత్రలు. తగ్గిందని ఆమె ఠక్కున మానేసింది. దద్దుర్లు రెట్టింపై తిరిగొచ్చాయి. మళ్ళీ వేసుకుంది, మళ్ళీ మానేసింది. వేసవంతా ఇదే తంతు.

వేసవి పోయేసరికి రదోయ్కా ముఖం గుమ్మడికాయలా గుండ్రమైంది. మెడ వెనక కండ పెరిగింది. ఆకలి ఆగదు, నిద్ర పట్టదు, ఊరికే కోపం వస్తుంది. కొట్ల దగ్గర జనం ఆటపట్టించేవారు.

"ఏంటి రదోయ్కా, రొట్టెలన్నీ దార్లోనే లాగించేస్తున్నావా?"

"మరి మీకు మిగిలితే నాకేం లాభం?" అని తనూ నవ్వేది. వ్యానెక్కాక మాత్రం ముఖం కనపడకుండా వెనక రోడ్డు చూసుకునే అద్దాన్ని పక్కకు తిప్పేసేది. అంతమందిని నవ్వించే మనిషికి తన ముఖం తనకే కంటగింపు కావడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

చివరికి పట్నంలో చర్మవ్యాధులు చూసే డాక్టరు వుకోసావా దగ్గరికి వెళ్ళింది. ఆవిడ నవ్వదు, నవ్వించనివ్వదు. రక్తపరీక్ష చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నీ చక్కెర హద్దు మీదుంది. ఈ మాత్రలు ఇలాగే మింగుతూ పో, చలికాలం దాటేసరికి ఇన్సులిన్ సూదులు పొడుచుకుంటావు."

రదోయ్కా భయపడింది. సూదికి కాదు. ఇన్సులిన్ మీదున్న ఒక డ్రైవరును బేకరీ యజమాని ఆ యేడే వ్యాను మీంచి దించేసి పిండి బస్తాల దగ్గర కూర్చోబెట్టాడు. కొండ రోడ్డు మీద కళ్ళు తిరిగితే ఎవరిది పూచీ అన్నాడు. వ్యాను లేకపోతే రదోయ్కా ఎవరు? ఒంటికి పిండి అంటించుకుని ఒక మూల కూర్చునే మనిషి.

"అయితే ఇవాళే మానేస్తాను డాక్టరమ్మా."

"మానేస్తే చస్తావు. మోతాదు తగ్గించుకుంటూ మెట్లు దిగినట్టు దిగాలి. ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా దద్దుర్లు లేస్తాయి, కొన్నాళ్ళు గోల చేస్తాయి, అణుగుతాయి. ఆ గోలకి భయపడి నా మాట లేకుండా పైమెట్టెక్కావో, మళ్ళీ మొదటికొస్తావు. రోజూ ఈ దురద మాత్ర వేసుకో. మెత్తటి నూలు బట్టలు కట్టుకో, తడిగుడ్డ వేసుకో, చల్లటి గదిలో ఉండు. ఉన్ని ముట్టుకోకు, సారా రుద్దనివ్వకు. నీరసంతో కూలబడితే నాకు ఫోను చెయ్యి. పెదాలో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా ఫోను కూడా చెయ్యకు, పరిగెత్తుకు రా."

చల్లటి గదిలో ఉండు అని డాక్టరమ్మ సులువుగా అనేసింది. ఆ గది స్తామెనా ఇంట్లో ఎక్కడుంది?

స్తామెనా అంటే రదోయ్కా అత్తగారు. ఎనభై దాటినా ఇంటి తాళాలన్నీ ఆవిడ నడుముకే ఉంటాయి. ఎముకల గూడు, మీద నల్ల రుమాలు. చెట్ల ఆకులు రాలగానే ఆవిడ చేసే మొదటి పని కిటికీ సందులన్నిట్లో పాత గుడ్డపేలికలు కుక్కి, మీద కాగితం అంటించడం. మళ్ళీ అవి ఊడేది వసంతంలోనే. ఆ పిచ్చికి ఊరంతా నవ్వుతుంది గానీ ఆవిడ ఎదురుగా ఎవరూ నవ్వరు. ఎందుకంటే ఆవిడ మొదటి కొడుకు మిలాదిన్ నాలుగేళ్ళ వయసులో పోయాడు. నీష్ పట్నం నుంచి వచ్చే రైల్లో పిల్లవాడు ఉక్కగా ఉందని ఏడిస్తే స్తామెనాయే లేచి కిటికీ దించింది. అవతలి కిటికీ అప్పటికే తెరిచి ఉంది. పిల్లవాడు ఆ గాలిలో హాయిగా నిద్రపోయాడు. ఇంటికి రాగానే జ్వరం, తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము. ఆ వారం దాటలేదు. పిల్లవాడు రైలెక్కకముందే దగ్గుతున్నాడని బంధువులు ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ వినలేదు. కిటికీ దించింది తన చెయ్యి. ఆ తర్వాత పుట్టిన బ్లాగోయె, అంటే రదోయ్కా మొగుడు, మూసిన కిటికీల మధ్యే పెరిగి పెద్దవాడయ్యాడు.

కోడలంటే స్తామెనాకి ప్రాణం. అదే చిక్కు. కోడలు గోక్కుంటుంటే ఆ ముసలిప్రాణం ఓర్చుకోలేదు. ఇంట్లో కాచిన రకియా సారా తెచ్చి వీపుకి రుద్దుతానంటుంది. తన చేత్తో అల్లిన ఉన్ని బనీను తొడుక్కోమంటుంది. "చలి లోపలికి పోయిందే, అందుకే పైకి పొంగుతోంది" అంటుంది. ఆవిడ దృష్టిలో డాక్టరు వుకోసావా పెళ్ళి కాని పిల్ల, ఆమెకేం తెలుసు?

మొదటిసారి మెట్లు దిగడం మొదలుపెట్టినప్పుడు రదోయ్కా సెప్టెంబరులో తప్పింది. ఐవార్ పచ్చడి రోజులవి. పెరట్లో పొయ్యి మీద ఎర్ర మిరపకాయలు కాల్చి, తొక్క ఒలిచి, గుండిగలో వేసి పొద్దంతా కలియబెట్టాలి. ఆ సెగకి ఒళ్ళంతా దద్దుర్లు అట్టకట్టాయి. ఆమె కొట్టుగదిలోకి వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా, గుప్పెట్లోకి వచ్చినన్ని మాత్రలు మింగేసింది. సాయంత్రానికి హాయి. మర్నాటి నుంచి ఏడుపు. పరీక్షలో చక్కెర మళ్ళీ పైకెక్కింది. డాక్టరమ్మ ఈసారి తిట్టలేదు. "ఇంకొక్కసారి దిగుదాం. ఈసారి కూడా ఎక్కితే నా చేతిలో ఏమీ లేదు" అంది అంతే. తిట్టినా బాగుండేదని రదోయ్కా అనుకుంది.

ఈసారి పళ్ళు బిగపట్టి దిగింది. ఒక్కో మెట్టుకీ ఒళ్ళు మండిపోయింది. తడితువాలు మెడకి చుట్టుకుని రొట్టెలు పంచింది. గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది. చక్కెర మెల్లగా దిగింది. నవంబరు వచ్చేసరికి ఇక రోజుకి అరమాత్ర మిగిలింది. సరిగ్గా అదే వారం ఇలవేల్పు పండుగ వచ్చిపడింది.

మా ప్రతి ఇంటికీ ఒక పునీతుడు ఇలవేల్పు. బ్లాగోయె వాళ్ళకి ప్రధానదూత మిఖాయిల్. ఆ రోజుకి ఎవరినీ పిలవరు, పిలవకుండానే అందరూ వస్తారు. పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా గది నిండా జనం, పొయ్యి మీద కుండలు, మూసిన కిటికీలు. ఇంటివాళ్ళు ఆ రోజు కూర్చోకూడదు, నిలబడి వడ్డించాలి. అరమాత్రకి దిగిన ఒళ్ళు ఆ గదిలో ఎలా నిలుస్తుందో తలుచుకుంటేనే రదోయ్కాకి ముచ్చెమటలు పోశాయి.

పండుగకి ముందురోజు సాయంత్రం ఆమె పెద్దగది కిటికీ దగ్గరికి వెళ్ళి కాగితం అంచు గోటితో లేపింది. స్తామెనా వెనకే ఉంది.

"ఏం చేస్తున్నావే?"

"రేపొక్కరోజు అత్తమ్మా. ఈ ఒక్క కిటికీ ఓరగా ఉంచుదాం. నావల్ల కాదు."

"ఇంటి నిండా జనాన్ని పెట్టుకుని ప్రోమాయా తెస్తావా? చంటిపిల్లలొస్తారు!"

"చంటిపిల్లలకి కోట్లు తొడుగుతారు. నేను నా చర్మం ఎక్కడ విప్పి పెట్టను?"

"ఉన్ని బనీను వేసుకుంటే..."

"బనీను పొయ్యిలో పడెయ్యండి!" అని అరిచింది రదోయ్కా. "మీరు గాలికి భయపడి నన్ను బతికుండగానే కాలుస్తున్నారు!"

స్తామెనా ముందుకొచ్చింది. లేచిన కాగితం అంచుని బొటనవేలితో నొక్కి, మెల్లగా సరిచేసింది. "వాడు కూడా ఉక్కగా ఉందనే అన్నాడు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మిలాదిన్ పేరు ఎత్తకుండానే ఎత్తింది. ఇక కిటికీ మాట జన్మలో ఎత్తకూడదనుకుంది రదోయ్కా. బ్లాగోయె తల్లికీ పెళ్ళానికీ మధ్య నిలబడి ఇద్దరి వైపూ చూసి, మా మగవాళ్ళందరూ చేసే పని చేశాడు. కట్టెలు కొట్టడానికి పెరట్లోకి పోయాడు.

తెల్లారి పండుగ. బల్ల మీద పండుగ రొట్టె, తీపి గోధుమలు, నడుమ పొడుగాటి తేనెమైనపు కొవ్వొత్తి. బ్లాగోయె శిలువ గుర్తు వేసుకుని దాన్ని వెలిగించాడు. ఆ కొవ్వొత్తి పొద్దంతా వెలగాలి, సాయంత్రం ఇంటి యజమానే ద్రాక్షసారాతో ఆర్పాలి. దానంతటది ఆరిపోతే ఆ యేడు ఇంట్లో ఒకరు తగ్గుతారని అందరి నమ్మకం. నమ్మనివాళ్ళు కూడా దాని పక్కన తుమ్మరు.

మధ్యాహ్నానికి గది కిక్కిరిసింది. బ్లాగోయె, రదోయ్కాల పెళ్ళిలో సాక్షిగా నిలబడ్డ గ్వోజ్దెన్ బల్ల తలదగ్గర కూర్చుని రకియా సారాని మెచ్చుకుంటూ ఖాళీ చేస్తున్నాడు. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టిన సార్మాల ఆవిరి, పంది వేపుడు సెగ, మనుషుల ఊపిరి, అన్నీ కలిసి గది ఆవిరి పట్టినట్టుంది. రదోయ్కా పళ్ళేలు అందిస్తూ నవ్వుతూనే ఉంది. లోపల ముందు నడుం పట్టీ దగ్గర మొదలైంది. తర్వాత చంకలు. తర్వాత వీపంతా చీమలపుట్ట కదిలినట్టయింది.

"చెల్లెమ్మా, కాస్త సన్నబడ్డావే! రొట్టెలు మాకు కూడా మిగులుస్తున్నావన్నమాట!" అన్నాడు గ్వోజ్దెన్. అందరూ నవ్వారు.

"నీ కోసమే అన్నయ్యా" అని, చేతిలోని పళ్ళెం ఎవరి ముందు పెడుతుందో చూసుకోకుండా పెట్టేసి, రదోయ్కా కొట్టుగదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. అక్కడా వెచ్చగానే ఉంది, పొగగొట్టం ఆ గోడలోంచే పోతుంది. మాత్రల సీసా అరలో ఉంది. రెండు మాత్రలు అరచేతిలో పోసుకుంది. వేసుకుంటే కొన్ని గంటల్లో ఒళ్ళు మామూలవుతుంది. నవ్వొచ్చు, వడ్డించొచ్చు. వ్యాను పోతుంది. దిగిన మెట్లన్నీ పోతాయి. ఆమెకి తెలుసు. తెలిసీ చెయ్యి నోటి వైపు లేస్తోంది. ఏడుపొచ్చింది.

తలుపు తెరుచుకుంది. ఊరగాయ జాడీ కోసం వచ్చిన స్తామెనా గుమ్మంలో నిలబడిపోయింది. కోడలి చేతిలో ఏముందో చూసింది.

"వేసుకో తల్లీ" అంది గొంతు తగ్గించి. "నేనెవరికి చెప్తాను? ఎందుకే ఈ బాధ?"

"వేసుకుంటే మళ్ళీ మొదట్నుంచి అత్తమ్మా. ఇంకోసారి దిగే ఓపిక నాకు లేదు. వ్యాను లాగేసుకుంటారు. పిండి బస్తాల దగ్గర కూర్చుంటాను." ఆమె వెక్కుతూ రవిక వెనక గుండీలు లాగేసింది. "చూడండి. ఎప్పుడూ చూడలేదుగా. చూడండి."

నిజమే, స్తామెనా చూడలేదు. చేతుల మీద మెడ మీద ఒకటీ అరా చూసిందంతే. సారా రుద్దుతానన్నప్పుడల్లా కోడలు తప్పించుకునేది. ఇప్పుడు ఆ వీపు కనిపించింది. ఎక్కడా ఖాళీ లేదు. ఎర్రగా, తెల్లగా, ఒకదాని మీదొకటి పొర్లుకుంటూ మెడ నుంచి నడుం దాకా లేచాయి. మధ్యలో గోళ్ళ చారలు. ముసలావిడ చెయ్యి చాచి తాకింది. ఉలిక్కిపడి తీసేసింది.

"పొయ్యి రాయిలా కాలుతోందేమే! ఇంత మంట అని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానత్తమ్మా. చెప్పినప్పుడల్లా మీరు బనీను తెచ్చారు."

స్తామెనా తాకిన తన వేళ్ళ వైపు చూసుకుంది. అవతల గదిలో ఎవరో పాటెత్తుకున్నారు.

"గాలి తగిలితే తగ్గుతుందా?"

"తగ్గుతుంది. వ్యానులో తగ్గుతుంది."

"నీకు జ్వరం రాదూ?"

"ఇన్నాళ్ళుగా తిరుగుతున్నాను. వచ్చిందా?"

స్తామెనా జాడీ తీసుకోలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. రదోయ్కా మాత్రలు గుప్పెట్లోనే పట్టుకుని గోడకి ఆనుకుంది. అంతలో అవతల కాగితం బర్రున చినిగిన చప్పుడైంది. ఆ తర్వాత కర్ర చట్టం కిర్రుమని మూలిగింది. పాట ఆగిపోయింది. కుర్చీలు జరిగాయి. ఒక ఆడగొంతు "అమ్మో!" అంది. రదోయ్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

పెద్దగది కిటికీ రెండు రెక్కలూ తెరిచి ఉన్నాయి. గుడ్డపేలికలు నేల మీద పడున్నాయి. స్తామెనా ఎదురుగా వసారా తలుపు కూడా లాగి తెరిచి, దానికి మడతపీట అడ్డం పెట్టింది. కొండ మీది గాలి ఈల వేసుకుంటూ గదిలోకి దూరింది. కొవ్వొత్తి మంట పక్కకి పడుకుంది.

"కొవ్వొత్తి! కొవ్వొత్తి!" అని అరిచారు జనం.

స్తామెనా కిటికీకీ బల్లకీ మధ్యకొచ్చి నిలబడింది. వీపు గాలికిచ్చి, రెండు చేతులూ మంట చుట్టూ దోసిలి పట్టింది. మంట వణికి, తేరుకుని, మళ్ళీ నిటారుగా లేచింది.

"పిన్నీ, మతి పోయిందా?" గ్వోజ్దెన్ మెడ చుట్టూ కాలరు బిగించాడు. "ప్రోమాయా! అందరం చస్తాం!"

"కోటు వేసుకో. చాలకపోతే ఇంకో గ్లాసు పోసుకో, అది నీకు నేర్పక్కర్లేదుగా."

"మరి నువ్వు? సరిగ్గా గాలి దారిలోనే నిలబడ్డావు!"

"నా సంగతి నేను చూసుకుంటాను. నా కోడలికి ఉక్కగా ఉంది."

ఆ ఇంట్లో ఆ మాట ఎవరు, ఎందుకు అంటున్నారో బల్ల చుట్టూ ఉన్న పెద్దవాళ్ళందరికీ తెలుసు. బ్లాగోయె లేచి పక్కగదిలోంచి కోట్లన్నీ గుట్టగా మోసుకొచ్చాడు. ప్రధానదూత పండుగ నాడు మా వాళ్ళు కోట్లు, టోపీలు వేసుకుని, పిల్లలకి శాలువాలు చుట్టి, సార్మాలు తిన్నారు. కాసేపటికి గ్వోజ్దెన్ "ఇలా కూడా బాగానే అరుగుతోంది" అన్నాడు. రదోయ్కా గాలి దారిలోకి వచ్చి నిలబడింది. నూలు రవికలోంచి చల్లదనం వీపంతా పాకింది. దద్దుర్లు పోలేదు, దురద కూడా పూర్తిగా పోలేదు. ఓర్చుకోవచ్చు, అంతే. ఆమెకి కావలసింది అంతే. మాత్రలు రెండూ సీసాలో పడేసి వచ్చి మళ్ళీ వడ్డన మొదలుపెట్టింది.

స్తామెనా మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. కుర్చీ తెస్తే వద్దంది, పండుగ నాడు కూర్చోకూడదంది. బ్లాగోయె తన కోటు భుజాల మీద కప్పితే ఉంచుకుంది. దోసిలి మాత్రం విప్పలేదు. వచ్చిన చుట్టాలకి తలూపి పలకరిస్తూ పొద్దువాలేదాకా ఆ మంటని కాసింది.

జనం వెళ్ళాక బ్లాగోయె ద్రాక్షసారా తెచ్చి కొవ్వొత్తిని పద్ధతిగా ఆర్పాడు. రదోయ్కా కిటికీ మూయబోయింది.

"ఉండనీ" అంది స్తామెనా. "నీ ఒళ్ళింకా చల్లబడలేదు."

"మీరు గడ్డకట్టిపోయారత్తమ్మా."

"నాకేమైందే, గుండ్రాయిలా ఉన్నాను" అంది గానీ పెదాలు నీలంగా ఉన్నాయి, మాట తడబడింది. రదోయ్కా ఆవిడ చేతులు పట్టుకుంది. మంట వైపున్న అరచేతులు వెచ్చగానే ఉన్నాయి, గాలి తగిలిన వెనకవైపు మంచుముక్కల్లా ఉంది. రదోయ్కా ఆ చేతుల్ని తిరగేసి, చల్లటి వైపు తన మెడ మీద, ఇంకా మండుతున్న దద్దుర్ల మీద ఆనించుకుని కళ్ళు మూసుకుంది.

"ఇక్కడేనా?" అంది స్తామెనా.

"కొంచెం కిందికి."

ముసలావిడ చేతులు కొంచెం కిందికి జరిపింది.